ఫోనులో కరణంగారు

ఈ మధ్య మా వైపు ఎవరింట్లో పెద్దదిక్కు పోయినా, పన్నెండోరోజు భోజనాల విస్తళ్ళు ఎత్తకముందే ఒక కుర్రాడు అరుగుమీదికి వచ్చి ఫోను తీస్తున్నాడు. అన్నగారబ్బాయో, అల్లుడో, ఎవరో ఒకరు. హైదరాబాదులోనో డల్లాసులోనో ఉద్యోగం. "ప్లీడరెందుకు బాబాయ్, దండగ! ఏఐని అడిగితే రెండు నిమిషాల్లో కాయితాలన్నీ రాసిచ్చేస్తుంది" అంటాడు. బాబాయి మొహం వికసిస్తుంది. లోపలిగదిలో గోడకి చేరగిలబడి కూచున్నావిడ, అంటే పోయినాయన భార్య, ఆ మాట వింటూనే ఉంటుంది. ఆవిణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

నా తగువు ఆ కుర్రాడి ఫోనుతో కాదు. ఫోను నా దగ్గరా ఉంది. నా తగువల్లా "ప్లీడరెందుకు" అన్న ఆ ఒక్క మాటతో. ఆ మాట ఎవరి తరఫున అంటున్నాడు? మిగిలే ఖర్చు ఎవరిది? దానివల్ల పోయే ఆస్తి ఎవరిది? ఇవి అడక్కుండా ఆడవాళ్ళం తలూపకూడదంటాను.

ముందు కాస్త నవ్వొచ్చే సంగతి చెబుతాను. ఆ యంత్రాన్ని ఇంగ్లీషులో "మా నాన్నగారు పోయారు, ఆస్తి విషయం ఏం చెయ్యాలి" అని అడగండి. ఏ దేశమో చెప్పడం మరిచిపోయారో, అది కాస్తా లండను వెళ్ళిపోతుంది. మంచి సొలిసిటరుని చూసుకోమంటుంది, ప్రొబేటు రిజిస్ట్రీలో దరఖాస్తు పెట్టమంటుంది, వారసత్వపు పన్ను లెక్క కట్టుకోమంటుంది. ఏలూరు పవర్‌పేటలో సొలిసిటరు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి? మనకున్నది ప్లీడరుగారు, ఆయన గుమాస్తా. ఇక ప్రొబేటంటే, వీలునామా నిజమైనదేనని కోర్టు పరిశీలించి ముద్రవేసి ఇవ్వడం. 1925 నాటి వారసత్వ చట్టం హిందువుల వీలునామాలకి దాన్ని తప్పనిసరి చేసింది తెల్లదొరలు కోటలు కట్టుకున్న బెంగాలు, బొంబాయి, మద్రాసుల్లో రాసినవాటికీ, అక్కడి ఆస్తులకీ. గోదావరి గట్టున ఉండి, గోదావరి గట్టునే ఆస్తులున్నవాళ్ళకి ఆ నిర్బంధం ఏనాడూ లేదు. వారసత్వపు పన్ను మనకీ ఒకప్పుడు ఉండేది, 1953లో ఎస్టేటు డ్యూటీ అని పెట్టారు. 1985లో తీసేశారు. నలభయ్యేళ్ళ కిందట పోయిన పన్నుకి ఇవాళ ఒక ఇల్లాలు నిద్ర మానుకుని భయపడడం ఎందుకండీ?

మనవైపు కావలసినవి వేరు. ఇరవయ్యొక్క రోజుల్లోగా మరణం నమోదు చేయించడం, తహసీల్దారు ఆఫీసునించి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పొలానికి రెవెన్యూ రికార్డులో పేరు మార్పిడి, ఇంటికి మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు మార్పిడి. బ్యాంకులో నామినీ ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి. డబ్బుమీదా షేర్లమీదా తగాదా వస్తే కోర్టునించి సక్సెషన్ సర్టిఫికెట్. రాష్ట్రం పేరు చెప్పి తెలుగులో అడిగితే యంత్రం ఇవన్నీ చెబుతుంది. చాలావరకు సరిగ్గానే చెబుతుంది. అందుకే దాన్ని మరీ తీసిపారెయ్యలేను.

అసలు మన ఇళ్ళల్లో దస్తావేజులు ఎక్కడుంటాయి? బీరువా లోపలి అరలో. ఆ తాళం ఎక్కడుంటుంది? ఆయన దగ్గర. ఆయన పోయాక? పెద్దబ్బాయి దగ్గర. ఎప్పుడన్నా చేతికొచ్చినా ఆ భాష చదివి అర్థం చేసుకోవడం మానవమాత్రులవల్ల కాదు. "దాన విక్రయాది సర్వ స్వతంత్ర హక్కులతో, పుత్ర పౌత్ర పారంపర్యంగా, నిరాక్షేపణీయంగా" అంటూ గుక్క తిప్పుకోకుండా పోతుంది. పుత్రుడున్నాడు, పౌత్రుడున్నాడు, పుత్రిక ఎక్కడుందండీ అందులో? అలాంటి కాయితాన్ని ఫోటో తీసి, రాత్రి పదిగంటలకి గిన్నెలు కడుక్కున్నాక, "ఇందులో ఏముందో మామూలు తెలుగులో చెప్పు" అంటే చెబుతుంది. పదిసార్లు అడిగినా విసుక్కోదు. "నీకెందుకే ఇవన్నీ" అనదు. "నామినీ అంటే సొంతదారేనా" అంటే కాదంటుంది, డబ్బు చేతికి తీసుకుని వారసులకి అప్పగించవలసిన మనిషి మాత్రమే అంటుంది. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చిందీ అదే. "బ్యాంకులో నామినీగా నా పేరే ఉందిగా, మీకెవరికీ ఏమీ రాదు" అనే తమ్ముడికి ఆ ఒక్క సంగతి చెబితే గొంతు తగ్గుతుంది.

చదివించుకోవడానికి నా ఓటు యంత్రానికే. పేచీ అంతా రాయించుకోవడం దగ్గర.

ఒక ఉదాహరణ అనుకోండి. తాడేపల్లిగూడెం పక్క పల్లెలో ఒకాయన పోయాడు. స్వార్జితం నాలుగెకరాలు. వీలునామా లేదు. భార్య ఉంది, ఇద్దరు కొడుకులున్నారు, పెళ్ళై అత్తవారింట ఉన్న కూతురు ఉంది, మంచం పట్టిన ముసలితల్లి ఉంది. పెద్దకొడుకు ఫోనులో కొడతాడు: "మా నాన్నగారి నాలుగెకరాలు మేం అన్నదమ్ములం ఇద్దరం పంచుకోవాలి, భాగపంపిణీ కాయితం రాసిపెట్టు." రాసిపెడుతుంది. ఎంత ముచ్చటగా రాస్తుందో! సర్వే నంబర్లకి ఖాళీలు, సాక్షులకి గీతలు, చెరి రెండెకరాలు. కాని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం లెక్కన ఆ నాలుగెకరాలకి వారసులు ఐదుగురు. భార్యా, తల్లీ, కూతురూ, ఇద్దరు కొడుకులూ, తలా ఎనభై సెంట్లు. ఆ కాయితంలోంచి ముగ్గురు ఆడవాళ్ళు ఎగిరిపోయారు. యంత్రం అబద్ధం చెప్పలేదండోయ్! వాళ్ళున్నారని దానికెవరూ చెప్పలేదు, అంతే. ఒక్కోసారి అది "ఇంకా వారసులెవరైనా ఉన్నారా" అని అడుగుతుంది కూడా. లేరని కొడితే సరిపోయె. ఎదుటిమనిషి మొహంలోకి చూసి బొంకాలంటే కాస్త జంకుతాం. దానికి మొహమే లేదుగా.

ఇది కొత్త వింతేమీ కాదు. మా తాతగారి రోజుల్లో ఊళ్ళో కరణంగారుండేవారు. ఏ గట్టు ఎవరిది, ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు కోతకి పోయింది, ఎవరికి ఎంతమంది పిల్లలు, అన్నీ ఆయన నాలికమీద ఉండేవి. రాత ముత్యాలకోవ. కాని ఆయన ఎవరు చెబితే అది రాసేవారు? గుమ్మంలోకి వచ్చి కూచున్న మగవాడు చెబితే. అందరు కరణాలూ అలాంటివాళ్ళని అనను. ఆడపిల్ల వాటా గురించి పెద్దమనుషుల్లో నోరు విప్పిన ధర్మాత్ములూ ఉండేవారు. మొత్తంమీద లెక్క అది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1984లో కరణీకాలు తీసేసింది. ఇన్నేళ్ళకి ఆ కరణంగారే తిరిగి వచ్చి కుర్రాళ్ళ చొక్కాజేబుల్లో కూచున్నారని నాకనిపిస్తుంది. అదే పాండిత్యం, అదే ముత్యాలకోవ, పైగా ఎవడు ముందు అడిగితే వాడికే నమస్కారం. మన ఇళ్ళల్లో ఆస్తి సంగతి ముందు అడిగేది ఎవరో మీకు నేను చెప్పాలా?

ప్లీడరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఆయన మీ కథ వినడు. వింటున్నట్టే ఉండి మధ్యలో అడ్డం పడతాడు. "ఆయనకి ఆడపిల్లలెంతమంది? తల్లి బతికుందా? మొదటి భార్య ఉందా? ఆవిడ పిల్లలో? పెంపకం పోయినవాళ్ళున్నారా? ఎప్పుడో వేరుపడ్డామన్నారు, రిజిస్టరయిందా?" ఇవేవీ మర్యాదైన ప్రశ్నలు కావు. ఆ అమర్యాదకే మనం ఫీజు ఇచ్చేది. ఆయన అడిగేది మనమీద ప్రేమతో కాదు సుమండీ, రేపు అవతలివాళ్ళ ప్లీడరు లేచి "యువరానర్, కూతుర్ని దాచారు" అంటే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలన్న భయంతో. ఆ భయం చాలు మనకి. చట్టం కూడా ఆ అడగడాన్ని తన నడకలోనే పెట్టింది. సక్సెషన్ సర్టిఫికెట్‌కి పిటిషను వేస్తే దగ్గర బంధువుల పేర్లు అందులో రాయాలి, కోర్టు నోటీసు అంటిస్తుంది, విచారణకి రోజు పెడుతుంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి రెవెన్యూవాళ్ళు ఊళ్ళో విచారిస్తారు. "ఇంకెవరైనా ఉన్నారా" అని నలుగురిలో కేకేసి అడగడమే ఆ తతంగమంతా. మనవాళ్ళు దాన్ని ఆలస్యం అని తిడుతున్నారు.

స్వార్జితం సంగతి అయింది. పిత్రార్జితం అయితే ఇంకా చిక్కు. 1979లో పెళ్ళై వెళ్ళిన ఒక అక్కయ్య ఉందనుకోండి. పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చారు, దాంతో నీకూ మాకూ చెల్లు అన్నారు. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నించి ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. దేశంలో ముందు వరసలో ఉన్న చట్టమది, మనం గర్వపడవచ్చు. కాని అందులో ఒక మెలిక పెట్టారు: అప్పటికే పెళ్ళైనవాళ్ళకి వర్తించదు. కనక మన అక్కయ్య బయటే నిలబడిపోయింది. తరవాత కేంద్రం 2005 సెప్టెంబరు 9 నించి చట్టం సవరించి ఆ మెలిక విప్పింది. ఆ తేదీకి తండ్రి బతికుండాలా అక్కర్లేదా అని కోర్టులు పదిహేనేళ్ళు కుస్తీ పట్టాక 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వచ్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే దాన్ని కదపరు. "నోటిమాటగా ఎప్పుడో పంచుకున్నాం" అంటే అంత తేలిగ్గా నమ్మరు.

ఇప్పుడు చెప్పండి, అక్కయ్యకి వాటా ఉందా లేదా? పంపకం ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది, కాయితం ఉందా అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఆ సంగతి ఫోనులో లేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఉంది. ఈసీ తీయించి, పాత దస్తావేజు నకలు తెప్పించి, ఆ తేదీ వేలుపెట్టి చూపించే మనిషి కావాలి. అడిగిన వాక్యంలో "1985కి ముందు పెళ్ళి" అన్న ముక్క ఉంటే, యంత్రం 1985 దగ్గరే ఆగిపోయి "వాటా లేదు" అన్నా అనవచ్చు, 2005 దాకా వచ్చి "ఉంది" అన్నా అనవచ్చు. రెండూ ఒకటే ధీమాతో చెబుతుంది. అదీ నాకు ఒళ్ళు మండేది. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు కొనేటప్పుడు బస్తా విప్పించి, చెయ్యి లోపలికి పెట్టి, కుళ్ళు తగులుతుందేమో చూస్తాం. ఆ ధీమాలో చెయ్యి పెట్టి చూడ్డం మనకి చేతకాదు. చట్టం చదివినవాడికి చేతనవుతుంది.

కొల్లేటివైపు వస్తే సంగతి మరీ విచిత్రం. కొల్లేటి లంకల్లో పదేళ్ళ పిల్లవాడికి కూడా కాంటూరు అంటే తెలుసు. 1999లో సరస్సులో ఐదో కాంటూరు దాకా వన్యప్రాణుల అభయారణ్యం అన్నారు. 2006లో వచ్చి అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గీతకి పైనున్న పొలం చేపల చెరువుకి లీజుకిస్తే ఏటా రొఖ్ఖం కళ్ళబడుతుంది. కిందనున్న పొలానికి పట్టా ఉన్నా చెరువు తవ్వే వీల్లేదు. ఇప్పుడు ఒక అన్నగారు చెల్లెలికి ధర్మంగా పంచుతానంటాడు. నాలుగెకరాలు, ఇద్దరు వారసులు, చెరి రెండెకరాలు. యంత్రాన్ని అడగండి: సమానం అంటుంది. లెక్క తప్పలేదు. అన్నకి గీతపైన రెండు, చెల్లెలికి గీతకింద రెండు! చెల్లెలు కృతజ్ఞతతో సంతకం పెట్టి, అన్నయ్యకి పరమాన్నం వండి పెడుతుంది. కైకలూరు కోర్టుకి రోజూ వచ్చే ప్లీడరైతే సర్వే నంబరు వినగానే "అది ఏ కాంటూరమ్మా?" అంటాడు. ఆయన మహామేధావి కానక్కర్లేదు, ఆ ఊరివాడైతే చాలు.

ఊరంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 4 దాకా కైకలూరు, మండవల్లి కృష్ణాజిల్లా. ఆనాటినించి ఏలూరు జిల్లా. పశ్చిమగోదావరికి ముఖ్యపట్టణం అప్పటిదాకా ఏలూరు, ఆ తరవాత భీమవరం. తాడేపల్లిగూడెం మాత్రం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. తాతగారి కాయితంలో ఒక జిల్లా, మనవడి ఆధార్‌లో ఇంకో జిల్లా. ఈ తికమకలో ఏ దరఖాస్తు ఎవరి బల్లమీద పెట్టాలో చెప్పడానికి ఆ బల్లలు చూసిన గుమాస్తా కావాలి. చట్టాలైనా అంతే. భూమి హక్కుల చట్టం అని ఒకటి 2023 అక్టోబరులో అమల్లోకి తెచ్చారు, 2024లో రద్దు చేశారు. దాన్ని గురించి పత్రికల్లో రాసిన వ్యాసాలు మాత్రం రద్దు కాలేదు. యంత్రం మేసింది ఆ వ్యాసాలనే. పోయిన చట్టాన్ని బతికున్నట్టు చెబితే ఆశ్చర్యమేముంది?

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. లేని తీర్పుల్ని పుట్టిస్తుంది. 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు అది చెప్పిన తీర్పుల్ని కోర్టులో దాఖలు చేశారు. ఆరు కేసులు, ఒక్కటీ ఈ లోకంలో జరగలేదు. జడ్జిగారు ఐదువేల డాలర్లు జరిమానా వేశారు. అమెరికా సంగతి మనకెందుకంటారా? మన పక్కనున్న విజయవాడలోనే ఒక స్థిరాస్తి దావాలో, కింది కోర్టు 2025లో ఇచ్చిన ఉత్తర్వులో ఏఐ పుట్టించిన తీర్పులు దొర్లాయి. ఆ వ్యవహారం హైకోర్టుకీ, అక్కణ్ణించి సుప్రీంకోర్టుకీ ఎక్కింది. చదువుకున్నవాళ్ళూ, నల్లకోటు వేసుకున్నవాళ్ళూ బోల్తాపడ్డచోట మన అల్లుడుగారు నిలదొక్కుకుంటారా?

"అదిగో, లాయర్లు కూడా దాన్నే వాడుతున్నారుగా, మధ్యలో వాళ్ళకి ఫీజెందుకు?" అని ఒక తెలివైనాయన నన్ను నిలదీశాడు. నిజమే, వాడుతున్నారు. మన ప్లీడరు వాడినా అభ్యంతరం లేదు. ఒక్క తేడా చూడండి. ఆ న్యూయార్కు లాయర్లని కోర్టు పేరుపెట్టి పిలిచి జరిమానా కట్టించింది. వకాల్తామీద సంతకం ఉంది కనక దొరికారు. అల్లుడుగారు రాయించిన కాయితం చెడితే ఎవరు దొరుకుతారు? దానిమీద వేలిముద్ర వేసిన అత్తగారు. రిజిస్టరైన దస్తావేజుని రద్దు చేయించాలంటే మళ్ళీ దావా, మళ్ళీ ప్లీడరు. ఆనాడు దండగ అన్న ఫీజు ఇంతలింతలై ఎదురొస్తుంది.

ఇంతా చెప్పి ప్లీడర్లందరూ సత్యహరిశ్చంద్రులని నేననను. వాయిదాలమీద వాయిదాలు తెచ్చేవాళ్ళున్నారు. కేసుకట్ట ఇవ్వకుండా తిప్పేవాళ్ళున్నారు. "అన్నగారి ప్లీడరే నాకూ చూస్తాడులెండి" అనుకున్న ఆడవాళ్ళకి ఏం మిగిలిందో మనందరం చూస్తూనే ఉన్నాం. అన్నగారి ప్లీడరు అన్నగారి ప్లీడరే. పైగా ప్లీడరు సేవలో లోపం జరిగిందని వినియోగదారుల కోర్టుకి వెళ్ళే దారి కూడా లేదని సుప్రీంకోర్టు 2024 మే నెలలో చెప్పేసింది. ఆ తీర్పు నాకు రుచించలేదు. కాని 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఉంది, బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యవచ్చు, సనదు పోతుందన్న భయం వాళ్ళకుంది. ఫోనుకి ఏ సనదుందని పోతుంది?

ప్రతి చిన్నపనికీ "నేను లేకపోతే కుదరదమ్మా" అనే ప్లీడర్లనీ నమ్మకండి. మరణ ధ్రువపత్రానికి ప్లీడరు అక్కర్లేదు. మీరు నామినీ అయిన ఖాతాలో డబ్బుకి అక్కర్లేదు. నామినీ లేకపోయినా, తగాదా గానీ వీలునామా గానీ లేనప్పుడు, పదిహేను లక్షల దాకా కోర్టు కాయితం అడక్కుండా ఇచ్చెయ్యమని రిజర్వుబ్యాంకు 2025 సెప్టెంబరులో వాణిజ్య బ్యాంకులకి చెప్పింది. సహకార బ్యాంకులైతే ఐదు లక్షలు. ఇలాంటివి యంత్రాన్ని అడిగి, బ్యాంకులో మళ్ళీ అడిగి, మీరే చేసుకోండి. హక్కు పుట్టించేదీ, హక్కు పోగొట్టేదీ అయిన కాయితం దగ్గర మాత్రం మనిషి కావాలి. భాగపంపిణీ, హక్కు విడుదల, వీలునామా, ఈ మూడూ.

వీలునామా అన్నాను కనక ఒక మాట. అది తెల్లకాయితంమీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. యంత్రం ఇంతవరకు తడుముకోకుండా చెబుతుంది. కాని ఆ వీలునామా రేపు కోర్టులో తేలిగ్గా నిలబడాలంటే సాక్షుల్లో ఒక్కరైనా బతికుండి వచ్చి చెప్పాలి. మనవాళ్ళు సాక్షికి ఎవర్ని పిలుస్తారు? పెద్దరికం అని ఎనభయ్యేళ్ళ మావయ్యగారిని, ఆయన స్నేహితుణ్ణి! ప్లీడరుగారైతే "మీ వీధిలో నలభయ్యేళ్ళవాళ్ళు లేరా అమ్మా?" అంటారు. ఈ ఇంగితం పుస్తకాల్లో ఉండదు. ఆయన కళ్ళముందు ఓడిపోయిన కేసుల్లో ఉంటుంది.

చివరికి అందరూ తెచ్చే వాదన డబ్బు. ఏఐ ఉచితం, ప్లీడరు ఖరీదు అని. ఇక్కడే నాకు మన మధ్యతరగతి ఆడవాళ్ళమీద కోపం వస్తుంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం పన్నెండో సెక్షను ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా ప్లీడరుని ఇస్తారు. అక్కర ఉన్నచోట కోర్టు ఫీజు కూడా వాళ్ళే చూసుకుంటారు. ఈ మాట చెబితే ఒకావిడ "అయ్యో, అది బీదవాళ్ళకి కదండీ, మనం వెళ్తే బావుంటుందా, నలుగురూ ఏమనుకుంటారు" అంది. ఎనభై సెంట్లు వదులుకుంటే నలుగురూ ఏమీ అనుకోరు కాబోలు! బీరువా తాళం కొడుకు దగ్గరా, డబ్బు భర్త ఖాతాలోనూ ఉన్న ఇల్లాలి చేతిలో తనదంటూ ఏముందో చట్టం రాసినవాళ్ళకి తెలుసు. అందుకే ఆదాయం అడగలేదు. మనకే తెలియలేదు.

కనక అక్కయ్యలకీ చెల్లెళ్ళకీ నా మాట ఇది. పుట్టింటినించి ఎవరైనా కాయితం తెచ్చి "ఊరికే ఫార్మాలిటీ, ఇక్కడొక సంతకం" అంటే, కాఫీ ఇవ్వండి, టిఫిను పెట్టండి, కాయితం మాత్రం రాత్రికి మీ దగ్గర ఉంచుకోండి. ఫోటో తీసి మీ ఫోనుకి చూపించి, ఎవరికి ఏం వస్తోంది, ఎవరి పేరు లేదు, "విడుదల" అన్న మాట ఎక్కడైనా ఉందా అని అడగండి. చెప్పింది ఒక పుస్తకంలో రాసుకోండి. అది తీర్పు కాదు, మర్నాడు మీరు అడగవలసిన ప్రశ్నల జాబితా. ఏలూరులో అయితే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవల సంస్థ ఉంది, తాడేపల్లిగూడెంలో కోర్టు దగ్గర మండల కమిటీ ఉంది. బయల్దేరే ముందు 15100 నంబరుకి ఫోను చేస్తే డబ్బు పడదు. ఆధార్ కార్డు, మరణ ధ్రువపత్రం నకలు, ఇంట్లో దొరికిన పాత దస్తావేజులు, శిస్తు రసీదులు ఏవుంటే అవి సంచిలో వేసుకోండి. పెళ్ళి శుభలేఖ దాచుకున్నవాళ్ళు అదీ పట్టుకెళ్ళండి, తేదీ కావలసి వస్తుంది.